తెలుగింటి కొట్టుగది – ఉద్యోగి రాత్రి భోజనము

ఒక జాతి నాగరకతను తెలిసికొనుటకు చరిత్రకారులు కోటలను, గుడులను, శాసనములను పరిశీలింతురు. వానితోపాటు పరిశీలింపదగినది మరియొకటి కలదు. అది ఇంటి కొట్టుగది. ప్రొద్దు గ్రుంకిన పిదప అనుకొనని అతిథి గుమ్మములో నిలిచినపుడు, జడివాన పట్టి నాలుగు దినములు సంత జరుగనపుడు, ఇంటి యజమాని కచేరినుండి ప్రొద్దుపోయి తిరిగివచ్చినపుడు, ఇల్లాలు అరగంటలో ఏమి వండి వడ్డింపగలిగెను? దేనితో వండగలిగెను? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వెదకినచో ఆ జాతి వ్యవసాయము, వర్తకము, పన్నులు, కరవులు, కుటుంబములో పనిపాటల పంపకము, అన్నియు కన్నులకు కట్టును.

కావ్యములను సాంఘిక చరిత్రకు ఆధారములుగా గ్రహించుట తెలుగున కొత్త పద్ధతి కాదు. సురవరం ప్రతాపరెడ్డిగారి “ఆంధ్రుల సాంఘిక చరిత్ర” 1949లో వెలువడినది. తెలుగు భాషకు కేంద్ర సాహిత్య అకాడమీ మొదటి బహుమానము 1955లో ఆ గ్రంథమునకే లభించినది. రాజుల వంశావళులకంటె ప్రజల తిండి, గుడ్డ, ఆటపాటలు తక్కువ గౌరవమునకు అర్హములు కావని ఆ గ్రంథము చాటినది. ఆ దారిలోనే తెలుగింటి నిలువ సరుకుల కథను కొంత దూరము అనుసరింపవచ్చును.

శ్రీకృష్ణదేవరాయలు 1509 మొదలు 1529 వరకు విజయనగరమును పాలించెను. ఆయన రచించిన ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసమున విల్లిపుత్తూరులోని విష్ణుచిత్తుని ఆతిథ్యము వర్ణింపబడినది. నడిరేయి ఆ ఇంటి చెంత చెవియొగ్గిన వారికి రెండు విధములైన శబ్దములు వినవచ్చునట. ఒకటి భగవత్కథా సంకీర్తనము. రెండవది గృహస్థుని వినయవాక్యము. కూరలు ఎక్కువగా లేవనియు, వేడి చాలదనియు, పిండివంట లేదనియు, అన్నము అంత బాగుగా కుదరలేదనియు, అయినను దయయుంచి భుజింపుడనియు ఆయన అతిథులను వేడుకొనును. అకాలమున వచ్చినవారికి ఉన్నదానితో పెట్టిన భోజనమునకు ఇంతకంటె ప్రాచీనమైన, ఇంతకంటె మనోహరమైన సాక్ష్యము దొరకుట అరుదు. సామ్రాజ్యమును ఏలిన చక్రవర్తి ఒక సామాన్య గృహస్థుని రాత్రి వంటను ఇంత శ్రద్ధతో కనిపెట్టుట గమనింపదగిన విషయము.

ఆ వర్ణన అంతటితో ఆగలేదు. ఋతువునుబట్టి ఆ ఇంటి వడ్డన ఎట్లు మారునో కూడ కవి చెప్పెను. వానకాలమున తడికట్టెల పొగ భార్య కన్నులలో సోకకుండ ఎండిన కొబ్బరిబొరడాలతో వంట జరిగెడిది. అన్నము, పొట్టు తీసిన పప్పు, పోపు పెట్టిన నాలుగైదు కూరలు, వడియములు, వరుగులు, పెరుగు, ధారాళముగా నేయి, ఇవి ఆనాటి వడ్డన. వేసవిలో నులివెచ్చని అన్నము, తియ్యని చారు, పలుచని అంబలి, నీరుమజ్జిగ, ఊరగాయ. చలికాలమున మిరియపుపొడి చల్లిన వేడి కూరలు, ముక్కునకెక్కు ఆవపచ్చళ్ళు, కరగిన నేయి. ఈ పట్టికలోని వడియములను, వరుగులను, ఊరగాయను పరికించినచో ఒక సత్యము తేటపడును. వానకాలపు విస్తరిలోని వడియము వేసవి యెండలో పుట్టినది. నేటి రాత్రి త్వరగా ముగిసిన వంటకు ముందు ఎన్నడో, ఎవరో, తీరికగా చేసిన పని యొకటి యున్నది. కొట్టుగది చరిత్రకు మూలసూత్రము ఇదియే.

ఇల్లు విడిచి వచ్చినవారి సంగతి వేరు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామము ఓరుగల్లు వీథులను వర్ణించు కావ్యము. అందులో ఒక పూటకూళ్ళ యింటి భోజనము కనబడును. ఒక్క రూకకు సన్నబియ్యపు అన్నము, గోధుమ పిండివంట, పంచదార, క్రొత్తగా కాచిన నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు అచట లభించెడివి. ఉద్యోగమునకో వ్యాపారమునకో పరస్థలమున నిలిచినవానికి రూకతో ఇంటి భోజనపు తృప్తిని అమ్ము వృత్తి తెలుగునాట ఆరు వందల యేండ్లకు పూర్వమే వేళ్ళూనియుండెనని దీనివలన తెలియుచున్నది. అందు పెసరపప్పు పేరు వినబడుట కూడ కాకతాళీయము కాదు. కందిపప్పు ఉడుకుటకు ప్రొద్దు పట్టును. పొట్టు తీసిన పెసరబద్ద చిన్నది, పలుచనిది; నానబెట్టకున్నను త్వరగా మెత్తబడును. వచ్చినవానిని వేచియుండనీయక వడ్డింపవలసిన చోట పెసరపప్పే దిక్కు.

ఈ కావ్యములలో కనబడని సరుకులు కూడ చరిత్రయే. నేడు తెలుగువారి పేరు చెప్పగానే తలపునకు వచ్చు మిరపకాయ వానిలో లేదు. మిరప అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసు నావికుల ద్వారా పదునారవ శతాబ్దమున ఈ దేశమునకు వచ్చినది. అంతకు పూర్వము కారమనిన మిరియము, ఆవ, అల్లము. క్రొత్తగా వచ్చిన కాయకు మిరియము పేరునుండి పుట్టిన పేరే పెట్టి తెలుగువారు దానిని తమ దానినిగా చేసికొనిరి. వేరుశనగ దక్షిణ అమెరికానుండి వచ్చి, పందొమ్మిదవ శతాబ్దమున మద్రాసు రాజధానిలో విస్తారముగా సాగులోనికి వచ్చినది. రాయలసీమ మెట్టలలో అది పచ్చడిగా, పొడిగా, నూనెగా నిలిచి సంగటికి తోడైనది. ఇంగువ ఆఫ్ఘనిస్థానము, ఇరాను దేశములనుండి తరతరములుగా దిగుమతి యగుచుండెను. దానిని ఈ దేశమున సాగుచేయు ప్రయత్నము 2020లో హిమాచలప్రదేశములోని లాహౌల్ లోయలో ఆరంభమైనది. చింత ఆఫ్రికాలో పుట్టినను ఈ నేలమీద ఎంత ప్రాచీన కాలమున నాటుకొనెననిన, అరబ్బులు దానికి హిందూదేశపు ఖర్జూరమని పేరు పెట్టిరి. కంది, పెసర, మినుము మాత్రము ఈ దేశపు సొత్తు. కాబట్టి తెలుగింటి కొట్టుగది ఒక చిన్న భూగోళము. కాబూలునుండి వచ్చిన ఇంగువ, సముద్రములు దాటి వచ్చిన మిరప, పెరటి చింత, పొలములోని కంది ఒకే పోపుగరిటెలో కలిసికొనినవి.

నిలువయుంచు విద్య తెలుగు ఇల్లాండ్రకు శాస్త్రగ్రంథములు నేర్పినది కాదు, అనుభవము నేర్పినది. అయినను దానియందు శాస్త్రము లేకపోలేదు. పదార్థము చెడుటకు సూక్ష్మజీవులు కారణము. వానికి తడి కావలెను. వరుగు, వడియము, అప్పడము ఎండలో ఆ తడిని కోల్పోవును. ఆవకాయలో ఉప్పు ముక్కలోని నీటిని వెలికి లాగును. కాయలోని పులుపు, ఆవపిండి ఘాటు క్రిములను అణచును. పైకి తేలిన నువ్వులనూనె గాలిని లోనికి పోనీయదు. తడిగరిటె ముంచిన జాడీకి బూజు పట్టుననియు, నూనె తగ్గిన మరల కాచి చల్లార్చి పోయవలెననియు అమ్మమ్మలు చెప్పుమాటలో ఈ సూత్రములన్నియు ఇమిడియున్నవి. చింతపండు తన పులుపుచేతనే నిలుచును. గింజ తీసి ఉప్పు కలిపి ముద్దలుగా చేసి కుండలో దాచుట దానికి మరింత భద్రత.

ఈ విద్య కంతటికి ఉప్పు ఆధారము. అందుచేతనే ఉప్పుమీది పన్ను నేరుగా కొట్టుగది మీది పన్నైనది. 1882 నాటి ఉప్పు చట్టము ఉప్పును తయారుచేయుటలో ప్రభుత్వమునకు సర్వాధికారము నిచ్చినది. సముద్రపుటొడ్డున నివసించు పేదవాడు కాళ్ళక్రింద పేరుకొన్న ఉప్పును తీసికొనుట నేరమైనది. 1930లో గాంధీమహాత్ముని పిలుపు విని తీరాంధ్రమున అనేక స్థలములలో ప్రజలు ఉప్పు వండి చెరసాలలకు పోయిరి. ఆ పన్ను 1947లో తొలగింపబడినది. పెద్ద జాడీ ఆవకాయకు మానికలకొలది ఉప్పు పోయు ఇల్లాలికి ఆ ఉద్యమపు అర్థమును ఉపన్యాసములతో బోధింపవలసిన అవసరము లేకపోయెను.

అయితే కొట్టుగది అందరికి ఉండెనని తలచుట చరిత్రకు అన్యాయము. జాడీలు, గాదెలు, అటకలు కలిగిన ఇండ్లు కొన్నియే. కూలినాలి చేసికొని నాటికి నాడు గింజలు తెచ్చుకొను కుటుంబములకు నిలువయనునది కుండలోని తరవాణి, ఉట్టిమీది చద్దన్నము, మూలనున్న ఉల్లిగడ్డ, నాలుగు ఎండుమిరపకాయలు. తెలంగాణపు మెట్టలలో జొన్నగటక, రాయలసీమలో రాగిసంగటి, కోస్తాలో గంజి వారి రాత్రి భోజనము. తీరమునందలి బెస్తవారికి ఎండుచేప, ఎండురొయ్య వరుగులతో సమానము. కట్టె కొరతయున్న చోట నిప్పు లేకయే ముగియు వంటలు పుట్టినవి. చింతపండు పులుసులో ఉల్లిముక్కలు, కాల్చిన మిరపకాయ, ఉప్పు పిసికి కలుపు తెలంగాణపు పచ్చిపులుసు అట్టిది. వర్షములు తప్పిన యేట ఈ కొద్దిపాటి నిలువ మొదట అడుగంటెడిది. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిని నాశనము చేసిన ధాత కరవు ధనికుల గాదెలను తగ్గించినది. పేదల ప్రాణములను హరించినది. త్వరగా వండుకొని తృప్తిగా తినుట అను సౌఖ్యమునకు ముందు, వండుకొనుటకు గింజ యుండవలెనను షరతు కలదని ఆ కరవు మరువరాని పాఠము చెప్పినది.

ఆచారము కూడ రాత్రి భోజనమును తీర్చిదిద్దినది. శనివారపు రాత్రి, ఏకాదశినాడు అన్నము మానిన ఇండ్లలో ఫలాహారము చేయుట వాడుక. ఫలాహారమనిన పండ్లని అర్థమైనను, తెలుగింట అది ఉప్పుపిండిగా, దిబ్బరొట్టెగా, అటుకులుగా మారినది. బియ్యపురవ్వలో పెసరపప్పు వేసి, ఆవాలు, మిరపకాయలు, కరివేపాకు పోపుతో ఉడికించిన ఉప్పుపిండి ఇరువది నిమిషముల పని. తెలంగాణమున బియ్యపుపిండిలో శనగపప్పు, పల్లీలు కలిపి గిన్నె అడుగున తట్టి కాల్చు సర్వపిండియు ఈ జాతిలోనిదే. కూరగాయ అక్కరలేదు, బజారునకు పోనక్కరలేదు. వ్రతనియమము పేర ఏర్పడిన ఈ వంటలు తరువాతి కాలమున ఉద్యోగుల ఇండ్లకు పెట్టని కోటలైనవి.

ఇట్టి సరంజామాతో తెలుగు ఉద్యోగి ఉత్తరదేశమునకు ప్రయాణమయ్యెను. 1864లో సిమ్లా వేసవి రాజధానిగా ఏర్పడినది మొదలు, సచివాలయపు దస్త్రములు, గుమాస్తాలు, పెట్టెబేడాలు ఏటేట కొండయెక్కి దిగుచుండెను. 1911 డిసెంబరులో రాజధానిని కలకత్తానుండి ఢిల్లీకి మార్చు ప్రకటన వెలువడినది. 1931 ఫిబ్రవరిలో న్యూఢిల్లీ ప్రారంభోత్సవము జరిగినది. మద్రాసు రాజధానినుండి వచ్చిన ఉద్యోగులు గోల్ మార్కెట్టు ప్రాంతపు క్వార్టర్లలోను, కరోల్ బాగ్ అద్దె యిండ్లలోను కాపురములు పెట్టిరి. 1929లో ఆరంభమైన గ్రాండ్ ట్రంకు ఎక్స్‌ప్రెస్ వారికి పుట్టింటి త్రోవయైనది. సెలవు ముగించుకొని వచ్చు కుటుంబముల సామానులో పరుపుచుట్టతోపాటు గుడ్డవాసెన కట్టిన ఆవకాయ జాడీ, కందిపొడి డబ్బా, గోంగూర ముద్ద, చల్లమిరపకాయల మూట తప్పక ఉండెడివి. ఊరిలోని తల్లి వేసవి శ్రమ ఢిల్లీలోని కొడుకు విస్తరిలో ఏడాది పొడవున కనబడుచుండెను.

ఢిల్లీ వాతావరణము కొన్ని తెలుగు వంటలకు శత్రువు, కొన్నింటికి మిత్రము. పుష్యమాఘముల చలిలో ఇడ్లీపిండి పులియదు. ఒక రాత్రిలో పొంగవలసినది రెండు దినములైనను కదలదు. కాని జ్యేష్ఠమాసపు పొడిగాలి వడియములకు వరప్రసాదము. కృష్ణాతీరపు చెమటగాలిలో మూడు నాలుగు ఎండలు కోరు గుమ్మడివడియము అచటి మేడమీద అంతకంటె త్వరగా ఎండును. నువ్వులనూనె దొరకని చోట ఆవనూనెకు అలవాటు పడిన ఇండ్లును కలవు. బియ్యము బదులు గోధుమనూకతో అన్నమును, బొంబాయిరవ్వతో ఉప్మాను వండి, ఆ ఇల్లాండ్రు పాత రుచిని క్రొత్త ధాన్యమునకు తొడిగిరి. ఉప్మా పేరు కూడ గమనింపదగినది. అరవమున ఉప్పుమావు, తెలుగున ఉప్పుపిండి. రెండు మాటల కర్థ మొక్కటియే.

1942 మార్చిలో రంగూను పతనమైనది. బర్మా బియ్యము రాక నిలిచిపోయినది. అన్నమే ఆధారమైన దక్షిణాదివారికి అది పెద్ద దెబ్బ. 1943లో వంగదేశమున ఘోరమైన కరవు సంభవించి లక్షలకొలది ప్రజలు నశించిరి. నగరములలో రేషను పద్ధతి అమలులోనికి వచ్చినది. తలకింత ధాన్యమని నిర్ణయింపబడినపుడు కొట్టుగది అర్థమే మారినది. తానేమి నిలువ చేసికొనవలెనో గృహిణి నిశ్చయించు కాలము పోయి, కార్డుపై అచ్చువేసిన లెక్కకు ఆమె తన వంటను అమర్చుకొను కాలము వచ్చెను. బియ్యపు కొరతవలననే ఆ యుద్ధకాలమున రవ్వతో ఇడ్లీ వేయు పద్ధతి తమవద్ద పుట్టినదని బెంగుళూరులోని ప్రసిద్ధ ఎం.టి.ఆర్. ఫలహారశాలవారు చెప్పుదురు. 1952 మొదలు 1954 వరకు ఆహారమంత్రిగా నున్న రఫీ అహమ్మద్ కిద్వాయి కాలమున ధాన్యముపై ఆంక్షలు క్రమముగా సడలింపబడినవి.

మరల 1965లో పరీక్షాకాలము వచ్చెను. పొరుగుదేశముతో యుద్ధము, వర్షాభావము, అమెరికా గోధుమలపై ఆధారపడవలసిన అవమానము ఒక్కమారుగా తటస్థించినవి. ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి వారమున కొక్క పూట భోజనము మానుడని ప్రజలను కోరెను. అనేక కుటుంబములు సోమవారపు రాత్రి పొయ్యి వెలిగింపలేదు. హోటళ్ళు ఆ సాయంకాలము మూతపడినవి. ఈ దేశ చరిత్రలో వారపు మధ్యనున్న ఒక సామాన్యపు రాత్రి భోజనము జాతీయ కర్తవ్యముగా పరిణమించుట అప్పుడే జరిగినది. ఆ సంవత్సరమే భారత ఆహార సంస్థ ఏర్పడినది. ఇంటి గాదె చేయు పనిని దేశపు గాదె చేయవలెనని నిర్ణయము జరిగినది. ఆంధ్రప్రదేశమున 1983లో కిలో బియ్యము రెండు రూపాయలకు ఇచ్చు పథకము, దేశమంతట 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము ఆ ఆలోచనకు కొనసాగింపులు. కొట్టుగది లేని ఇంటికి ప్రభుత్వమే కొట్టుగది కావలెనను ధర్మము వీనియందు కలదు.

కేంద్రప్రభుత్వ ఉద్యోగుల సౌకర్యార్థము 1963లో కేంద్రీయ భండారు స్థాపింపబడినది. ఉద్యోగి కచేరినుండి ఇంటికి పోవుచు పప్పు, ఉప్పు, నూనె సరసమైన ధరకు సంచిలో వేసికొని పోగలిగెను. వంటయింటి నిప్పు కూడ అదే కాలమున మారినది. స్వీడనులో 1892లో పుట్టిన ప్రైమస్ వంటి కిరసనాయిలు స్టవ్వులు మేడయిండ్లలో కట్టెపొయ్యి స్థానమును ఆక్రమించినవి. 1965లో ఇండేను గ్యాసు వచ్చెను. డెనిస్ పాపెన్ అను ఫ్రెంచి పండితుడు 1679లోనే కనిపెట్టిన ఆవిరిపాత్ర, 1959 ప్రాంతమున ఈ దేశపు కర్మాగారములలో ప్రెషరు కుక్కరుగా తయారగుట మొదలిడినది. మూత బిగించిన పాత్రలో ఆవిరి ఒత్తిడివలన నీరు 100 డిగ్రీలకు బదులు సుమారు 120 డిగ్రీల వేడిమిని పొందును. గంటసేపు ఉడుకవలసిన కందిపప్పు పావుగంటలో మెత్తబడును. పెసరపప్పునకు తరతరములుగా నున్న ఆధిక్యము ఆనాటితో కొంత తగ్గినది. విష్ణుచిత్తుని ఇల్లాలి కన్నుల పొగను గూర్చి రాయలవారు పడిన విచారము నాలుగు వందల యేండ్ల తరువాత పట్టణములలోనైనను తీరినది.

ఈ సామగ్రితో ఉద్యోగి ఇంట అరగంటలో వంట సాగు క్రమము వ్రాయదగినది. నలుగురికి గ్లాసున్నర బియ్యము కడిగి పొయ్యిమీద ఉంచుట మొదటి పని. నిమ్మకాయంత చింతపండును వేడినీళ్ళలో వేయుట రెండవ పని. అన్నము ఉడుకునంతలో చింతపండు పిసికి రసము తీసి, ఉప్పు, పసుపు, చారుపొడి, కరివేపాకు వేసి రెండవ పొయ్యిపై మరగనిత్తురు. ధనియాలు, మిరియాలు, జీలకర్ర, కందిపప్పు, ఎండుమిరపకాయలు వేయించి దంచిన ఆ చారుపొడి నెలకొకమారు చేసినది. నేతిలో ఆవాలు, మిరపకాయ, ఇంగువ చిటపటలాడించి చారులో వేసిన క్షణమున ఆ వాసన పొరుగు క్వార్టరునకు కూడ వార్త చెప్పును. మిగిలిన నిప్పుపై నాలుగు అప్పడములు, పది వడియములు. వేడియన్నమున మొదట కందిపొడి, నేయి, పిదప చారు, చివర పెరుగు, మాగాయ. ఒంట్లో నలతగా నున్నవానికి రెండుపాళ్ళు బియ్యము, ఒకపాలు పెసరపప్పు కలిపి వండిన పులగము. ఇందులో ఆనాడు బజారునుండి తెచ్చినది ఒక్కటియు లేదు. దస్త్రములతో అలసిన మనస్సునకు ఈ విస్తరి ఇచ్చు ఊరట విందుభోజనము ఈయజాలదు. ఇందు క్రొత్తదనము లేదు. ఆ లేకపోవుటయే ఊరట.

ఇక ఈ చరిత్రలో తరచు మరుగునపడు భాగము కలదు. అరగంట వంటయని లెక్కించువారు పొయ్యి దగ్గరి అరగంటనే లెక్కింతురు. మామిడికాయలు తుడిచి ముక్కలు కొట్టి, ఆవాలు ఎండబెట్టి దంచి, మిరపకాయల తొడిమలు తీసి, మినపపిండి రుబ్బి, మేడమీద బట్టపై వడియములు పెట్టి, కాకులను తోలి, సాయంకాలము లోనికి తెచ్చి మరల ప్రొద్దున ఎండవేయు దినములను ఎవరును లెక్కలో చేర్చలేదు. ఆ దినములన్నియు స్త్రీలవి. భర్త ఆలస్యముగా వచ్చినను వేడియన్నము సిద్ధముగా నుండుట ఇంటి ధర్మమని చెప్పుకొనిరే గాని, అది ఒకరి శ్రమయని చెప్పుకొనుట అరుదు.

స్త్రీలే కచేరీలకు పోవుట మొదలిడినపుడు ఈ లెక్క బయటపడినది. 1949లో విదేశాంగ సేవలో చేరిన మొదటి మహిళ సి.బి. ముత్తమ్మ. వివాహము చేసికొనుటకు స్త్రీ ఉద్యోగి ప్రభుత్వపు అనుమతి పొందవలెననియు, సంసార బాధ్యతలు ఉద్యోగమునకు అడ్డువచ్చినచో రాజీనామా కోరవచ్చుననియు ఆ సేవానిబంధనలలో ఉండెడిది. అట్టి షరతు పురుషునకు లేదు. ఆమె సుప్రీంకోర్టు నాశ్రయింపగా 1979లో న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణయ్యరు ఆ వివక్షను తీవ్రముగా విమర్శించెను. వంటయిల్లు స్త్రీదే యను ఊహ దస్త్రములలోనికి కూడ ఎట్లు ప్రవేశించెనో ఆ వ్యాజ్యము తెలుపుచున్నది. 1985లో కేంద్ర కార్యాలయములకు వారమునకు ఐదు పనిదినముల పద్ధతి వచ్చెను. శనివారము సెలవైనది, తక్కిన దినములలో పనివేళ పెరిగి సాయంకాలము కురుచయైనది. భార్యాభర్తలిరువురు ఉద్యోగులైన ఇంట వారపు మధ్య రాత్రి వంట అరగంటకు మించరాదను నియమము అప్పటినుండి మరింత గట్టిపడినది.

ఆ ఖాళీని కర్మాగారములు పూరించినవి. 1980లో ప్రియా పచ్చళ్ళు, 1983లో మ్యాగీ నూడిల్సు బజారులోనికి వచ్చినవి. జాడీ సీసాగా మారినది. సీసా ప్యాకెట్టుగా మారినది. దీనిని చూచి విచారించువారు పలువురు కలరు. కాని వేసవి యెండలో ఒంటరిగా రోలు ముందు కూర్చున్న ఆమె అలసటను తలచినచో ఆ విచారము పూర్తిగా న్యాయమనిపింపదు. పోయినది రుచి మాత్రమే యైనచో దానికి బాధపడవచ్చును. పోయినది ఒకరి వెన్నునొప్పియైనచో సంతోషింపవలెను. రెండింటిని వేరుచేసి చూచుట వివేకము.

నష్టపోగూడనిది మాత్రము ఒకటి కలదు. తెలుగింటి నిలువవిద్య చాలవరకు వ్రాతలో లేదు. చేతి కొలతలో, కంటి గుర్తులో, వాసనలో ఉన్నది. గుప్పెడు, చారెడు, చిటికెడు, తగినంత అను మాటలు ఆ చేతులతోనే అంతరించును. ఐదు మానికల ముక్కలకు ఉప్పెంత, కారమెంత, ఆవపిండి ఎంత యనునది జిల్లాకొక తీరు, ఇంటికొక తీరు. గుంటూరు ఇల్లు, కరీంనగరు ఇల్లు, అనంతపురపు ఇల్లు, శ్రీకాకుళపు ఇల్లు ఒకే మెట్లవరుసలో నివసించు క్వార్టర్లలో ఈ తీరులన్నియు ఒకచోట చేరినవి. సొంత ఊరిలో ఎన్నడును కలిసికొనని రుచులు పరాయి నగరమున గిన్నెల మార్పిడిలో కలిసికొన్నవి. 2014లో రెండు రాష్ట్రములైన పిదపను ఆ మార్పిడి ఆగలేదు. పచ్చిపులుసును కోస్తావారు, మాగాయను తెలంగాణమువారు తమవిగానే తినుచున్నారు.

ఈ కొలతలను కాగితమున కెక్కించుటకు పెద్ద పాండిత్యము అక్కరలేదు. ప్రతి కుటుంబము తన పెద్దలనడిగి ఒక ఊరగాయ, ఒక పొడి, ఒక వరుగు కొలతలను తూకముతో సహా వ్రాసియుంచినచో ఒక ఏటిలో మంచి గ్రంథము తయారగును. ఆ వ్రాతలో చేసిన ఆమె పేరు కూడ ఉండవలెను. అంతకంటె ముఖ్యముగా, వచ్చే వైశాఖమున మామిడికాయలు ఇంటికి వచ్చినపుడు కత్తిపీట ముందు ఒక్కరే కూర్చుండరాదు. ముక్కలు కొట్టువాడు, ఆవాలు ఎండవేయు బాలిక, జాడీ కడిగి ఆరబెట్టు బాలుడు, తూకము వ్రాసికొను పెద్దవాడు, అందరు చేరినచో ఆ విద్య చేతినుండి చేతికి సులువుగా సాగును. అటుపిమ్మట ఏ మంగళవారపు రాత్రియో, ఆలస్యముగా ఇల్లు చేరినవారు వేడియన్నములో ఆ ముక్క కలుపుకొన్నపుడు, అది తమ చేతి పని కూడ నను తృప్తి వారికి దక్కును.